మూర్త కవిత్వంలో కెరీర్ ఎలా రాయాలి: కవి పద్దులోనా, చిత్రకారుడి పద్దులోనా?

#1 గళ్ళనుడి

మాటల అమరికే కవితగానూ బొమ్మగానూ నిలిచే మూర్త కవిత్వం (ఇంగ్లీషులో కాంక్రీట్ పొయెట్రీ) చేసిన గోమ్రింగర్, ఫిన్లే, రూత్ వోల్ఫ్-రేఫెల్ట్ ముగ్గురి మీద ఒక పరిచయ వ్యాసం తయారవుతోంది. చిక్కు మొదటి పేజీలోనే వచ్చింది. కవిగా చూస్తే పుస్తకాల జాబితా రాయాలి, చిత్రకారుడిగా చూస్తే ప్రదర్శనల జాబితా రాయాలి. ఈ ముగ్గురి విషయంలో ఒకే పని రెండు జాబితాల్లోనూ ఉంటుంది, తేదీ మాత్రం వేరువేరు. కార్డు మీద అచ్చయిన నాలుగు మాటలు పదేళ్ళకు రాయి మీదికి ఎక్కితే ఏ సంవత్సరం వెయ్యాలి? టైప్‌రైటర్ పనికి కార్బన్ కాపీ ఉంటే అది ఒరిజినలా, నకలా? ఇంకొకటి: వ్యాసంలో ఉదాహరణ చూపటానికి తెలుగు అక్షరాలను గళ్ళలో సరిగ్గా కూర్చోబెట్టే దారి ఉందా? వర్డ్‌లో ఎంత లాగినా నిలువు వరసలు వంకరపోతున్నాయి.

#2 తలకట్టు

ముందు మాట దగ్గరే జాగ్రత్తపడండి. ‘మూర్త’ అన్నది కవిత్వం కంటే ముందు చిత్రకళలో పుట్టిన మాట. 1930లో పారిస్‌లో డచ్ చిత్రకారుడు థియో వాన్ డూస్‌బర్గ్ బృందం ‘ఆర్ కాంక్రే’ (మూర్తకళ) పేరుతో పత్రిక తెచ్చింది, ఒక్క సంచికే వచ్చింది. వాళ్ళ వాదన ఏమిటంటే గీత, రంగు, తలం కంటే మూర్తమైనది లేదు. చెట్టును సరళం చేసి గీస్తే అది అమూర్తీకరణ. దేన్నీ చూసి గీయని గీత మూర్తం. 1936లో స్విస్ కళాకారుడు మాక్స్ బిల్ ఇదే మాటను జూరిక్‌లో స్థిరపరిచాడు. కాబట్టి మూర్త చిత్రాన్ని ‘అమూర్త చిత్రం’ అని రాశారంటే వాళ్ళు కొట్టేసిన మాటనే వాళ్ళ నెత్తిన పెట్టినట్టు.

కవిత్వంలోకి వచ్చేసరికి గీత స్థానంలో మాట వచ్చింది. మాట దేన్నో వర్ణించటానికి కాదు, తానే ఒక వస్తువుగా కాగితం మీద నిలబడటానికి. దృశ్య కవిత్వం ఇంకా పెద్ద గొడుగు. ఫొటో, కొలాజ్, చేతిరాత, చదవటానికి వీల్లేని గుర్తులు అన్నీ దాని కింద చెల్లుతాయి.

#3 అరసున్న

వ్యాసం పేరులో ‘కాంక్రీట్ కవిత్వం’ అని మాత్రం పెట్టకండి మహాప్రభో, సిమెంటు పాళ్ళు ఎంత అని అడిగేవాళ్ళు తయారవుతారు.

#4 పొల్లుహల్లు

గోమ్రింగర్‌ను పుస్తకాల వరుసలో రాస్తే సగం మనిషే కనబడతాడు. ఉద్యోగాల వరుసలో రాసి చూడండి.

పుట్టింది 1925లో, బొలీవియాలోని కచువేలా ఎస్పెరాన్సాలో. పెరిగింది స్విట్జర్లాండ్‌లో. బెర్న్, రోమ్‌లలో అర్థశాస్త్రం, కళాచరిత్ర చదివాడు. 1953లో బెర్న్‌లో డీటర్ రోత్, మార్సెల్ వీస్‌లతో కలిసి ‘స్పిరాలె’ పత్రిక మొదలుపెట్టాడు. తొలి సంపుటి ‘కాన్‌స్టెలేషన్స్’ అదే ఏడాది వచ్చింది. 1954 నుంచి 1957 దాకా ఉల్మ్ డిజైన్ కళాశాలలో మాక్స్ బిల్‌కు కార్యదర్శి. తర్వాత ప్రకటనల రంగం, 1960ల్లో స్విస్ వెర్క్‌బుండ్ (డిజైనర్ల సంఘం) నిర్వహణ. 1967 నుంచి 1985 వరకు జెర్మనీలోని సెల్బ్‌లో రోజెన్‌తాల్ పింగాణీ కంపెనీకి సాంస్కృతిక ప్రతినిధి. 1977 నుంచి 1990 వరకు డుసెల్‌డార్ఫ్ కళా అకాడమీలో సౌందర్యశాస్త్ర ఆచార్యుడు. 2000లో రేహావులో సొంత సంస్థ. ఆయన కళా సేకరణను ఇంగోల్‌ష్టాట్ నగరం 1981లో కొనుక్కుంది, 1992లో తెరిచిన మూర్తకళా మ్యూజియానికి అదే పునాది. 2025 ఆగస్టులో, వంద నిండిన ఏడాదే పోయాడు.

ఈ వరుస ఎందుకంటే, ఆయన కవిత పొట్టిగా ఉండటానికీ ఈ కొలువులకీ సంబంధం ఉంది. విమానాశ్రయం బోర్డు, ప్రకటన శీర్షిక, వాడుక సూచన ఇవే తన కవితకు దగ్గరి చుట్టాలని ఆయన 1950ల్లోనే వాదించాడు. కవిత ‘వాడుకునే వస్తువు’ కావాలన్నది ఆయన పట్టు. పింగాణీ కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచెయ్యటం కవిత్వానికి విరామమని రాస్తే తప్పు చదువు అవుతుంది.

#5 తలకట్టు

బాగుంది. ‘మూర్త కవిత్వాన్ని గోమ్రింగర్ ఒక్కడే కనిపెట్టాడు’ అని మాత్రం రాయకండి. మూడు చోట్ల విడివిడిగా మొలిచింది.

స్వీడన్‌లో ఊయ్‌విండ్ ఫాల్‌స్ట్రోమ్ 1953లోనే మూర్త కవిత్వ ప్రణాళిక రాశాడు. సావో పాలోలో అగుస్తో, హరోల్దో ద కాంపోస్ సోదరులు, దేసియో పిన్యాతారి 1952లో ‘నోయిగాంద్రెస్’ బృందం కట్టారు. అగుస్తో ‘పొయెతామెనోస్’ 1953 నాటి పని. స్వరకర్త వెబెర్న్ సంగీతంలో ఒకే రాగం ఒక వాయిద్యం నుంచి ఇంకో వాయిద్యానికి చేతులు మారినట్టు, ఇక్కడ మాటలు రంగుల మధ్య చేతులు మారతాయి. 1955లో పిన్యాతారి ఉల్మ్ వెళ్ళి గోమ్రింగర్‌ను కలిశాకే రెండు పాయలూ ఒకటై ఉమ్మడి పేరు కుదిరింది. 1956 డిసెంబరులో సావో పాలో ఆధునిక కళా మ్యూజియంలో మూర్తకళా జాతీయ ప్రదర్శన పెట్టినప్పుడు కవితలను పోస్టర్లుగా చిత్రాల పక్కనే గోడకు వేలాడదీశారు. మీ ‘కవి పద్దా, చిత్రకారుడి పద్దా’ అన్న ప్రశ్న ఆ గోడ మీదే తేలిపోయింది.

#6 పొల్లుహల్లు

అంగీకరిస్తున్నా. ఉద్యోగాల మాట మీద ఇంకొంచెం. పిన్యాతారి ప్రకటనల్లోనూ డిజైన్ బోధనలోనూ ఉన్నాడు. ‘కోకా కోలా తాగు’ అన్న ప్రకటన అక్షరాలనే అటూ ఇటూ తిప్పి చివరికి ‘మురికిగుంట’ అన్న మాటగా మార్చిన 1957 పని అతనిదే. ప్రకటన లోపలి కీళ్ళు తెలిసినవాడే అలా విరవగలడు. లండన్‌లో బాబ్ కాబింగ్ స్టెన్సిల్ డూప్లికేటర్ మీద పనిచేశాడు. సిరా ఎక్కువై కారటం, కాగితం చిక్కుకుని ముడతపడటం కూడా ఆయన పేజీల్లో భాగమే. డోమ్ సిల్వెస్టర్ హూడార్డ్ ప్రింక్‌నాష్ మఠంలో బెనెడిక్టైన్ సన్యాసి, ఆయన పనిముట్టు చిన్న ఒలివెట్టి టైప్‌రైటర్.

కాబట్టి జీవితరేఖలో ప్రతి దశకూ మూడు ప్రశ్నలు వెయ్యండి: ఏ యంత్రం, ఎవరి చెయ్యి, కూడు ఎక్కడిది. పుస్తకాలు, ప్రదర్శనలు వాటంతట అవే సర్దుకుంటాయి.

#7 రాతిగీత

‘ఎవరి చెయ్యి’ అన్న ప్రశ్న ఫిన్లేకు బాగా తగులుతుంది. ఇయన్ హామిల్టన్ ఫిన్లే (1925–2006) పుట్టింది బహామాస్‌లోని నాసౌలో, పనంతా స్కాట్లాండ్‌లో. 1961లో వైల్డ్ హాథార్న్ ప్రెస్, 1962 నుంచి 1967 దాకా 25 సంచికల చిన్న పత్రిక, 1963లో తొలి మూర్త కవితల సంపుటి ‘రాపెల్’. 1966లో పెంట్‌లాండ్ కొండల్లోని స్టోనీపాత్‌కు మారాక కవిత తోటలోకి దిగింది. ఆ తోటే తర్వాత ‘లిటిల్ స్పార్టా’ అయింది.

చాలామంది ‘ఫిన్లే చెక్కిన శిల’ అని రాస్తుంటారు. ఆయన చెక్కలేదు. మాట ఆయనది, అక్షరం గీసిందో చెక్కిందో ఇంకొకరు: రాన్ కాస్ట్‌లీ, మైకేల్ హార్వే, నికలస్ స్లోన్, జాన్ ఆండ్రూ వగైరా. ఫిన్లే ఈ పేర్లను దాచలేదు, పని పేరు పక్కనే ‘ఫలానావారితో’ అని వేసేవాడు. మీ వ్యాసంలో ఆ పేరు రాలిపోతే అది అచ్చుతప్పు కిందికి రాదు, వాస్తవమే తప్పినట్టు.

#8 గళ్ళనుడి

అంటే ఆయన ఇచ్చేది ఒక చీటీ మీద మాటలేనా? పరిమాణం, అక్షరం తీరు ఎవరి నిర్ణయం?

#9 రాతిగీత

ఫిన్లే ఉత్తరాల్లో ఈ సంప్రదింపులే ఎక్కువ. ఇలాంటి పని మామూలుగా నడిచే తీరు ఇది.

కవి మాట, చోటు, ఎంత దూరం నుంచి చదవాలో చెబుతాడు. అక్షరకారుడు నిలువెత్తు కొలతతో పూర్తి సైజు బొమ్మ గీస్తాడు, ఆ కాగితాన్ని చోట్లోనే నిలబెట్టి చూస్తారు. ఈ మెట్టు ఎగ్గొడితే తర్వాత ఏడవాల్సిందే. బల్ల మీద బాగున్న అక్షరాల ఎడం బయట వెలుగులో ఇరుకైపోతుంది, ఎందుకంటే చెక్కిన అక్షరం చదివించేది సిరా కాదు, నీడ. వి ఆకారపు గాడి కోణం 90 డిగ్రీలైతే లోతు గీత వెడల్పులో సగం. 60 డిగ్రీలైతే దాదాపు 0.87 వంతు. అంటే 8 మి.మీ. గీతకు మొదటిదానిలో 4, రెండోదానిలో 7 మి.మీ. లోతు. లోతు పెరిగేకొద్దీ నీడ గట్టిపడుతుంది, అంచు విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. పలక రాయి సన్న గీతను నిలుపుకుంటుంది. ఇసుకరాయి రేణువు లావు కాబట్టి 2 మి.మీ. గీత అంచులు చెక్కుతుండగానే రాలిపోతాయి. ఉత్తరం వైపు ముఖం పెట్టిన రాయి మీద నేరుగా ఎండ పడక లోతులేని అక్షరం అసలు కనబడదు. అలాంటి చోట లోతు పెంచాలి, లేకపోతే రంగు నింపాలి.

తేదీ సంగతి: కార్డుకు 1966, రాయికి 1974 అనుకుందాం. ‘1966/1974’ అని రెండూ వేసి, మొదటిది రచన, రెండోది తయారీ అని ఒకసారి చెప్పేస్తే సరి. ఒక్కటే వెయ్యాల్సి వస్తే మీ ముందున్న వస్తువు తయారైన ఏడాది వెయ్యండి.

#10 కాగితప్పులి

రూత్ వోల్ఫ్-రేఫెల్ట్ వంతు. 1932లో సాక్సనీలోని వుర్ట్‌సెన్‌లో పుట్టింది. కళలో శిక్షణ లేదు, తూర్పు బెర్లిన్‌లో ఆఫీసు ఉద్యోగం. 1970ల తొలినాళ్ళ నుంచి ఎరికా టైప్‌రైటర్ మీద ‘టైప్‌రైటింగ్స్’ చేసింది. భర్త రాబర్ట్ రేఫెల్ట్‌తో కలిసి మెయిల్ ఆర్ట్ (టపాలో కళాకృతులు ఇచ్చిపుచ్చుకోవటం) బంధాల ద్వారా పనులను సరిహద్దు దాటించింది. 2017లో డాక్యుమెంటా 14 అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెద్ద ఎత్తున కనబడింది, 2022లో హానా హ్యోష్ పురస్కారం, 2024లో మరణం.

ఆమె 1990 ప్రాంతంలో పని ఆపేసింది. ప్రభుత్వం ఆపించిందని కొన్ని చోట్ల రాస్తున్నారు, అది తప్పు. బెర్లిన్ గోడ కూలాక, ఉత్తరాలతో లోకాన్ని అందుకోవాల్సిన అవసరమే పోయాక, తనే విరమించుకుంది. కెరీర్ పట్టికలో ఆ తర్వాతి ఇరవై ఏళ్ళకు పైగా ఖాళీని ఖాళీగానే ఉంచండి. ‘తర్వాత కూడా నిశ్శబ్దంగా కొనసాగించింది’ లాంటి వాక్యంతో పూడ్చకండి.

ఇప్పుడు యంత్రం. పైకా టైప్‌రైటర్‌లో అంగుళానికి 10 అక్షరాలు, ఎలైట్‌లో 12. సింగిల్ స్పేసింగ్‌లో అంగుళానికి 6 వరసలు. పైకా గడి 2.54 మి.మీ. వెడల్పు, 4.23 మి.మీ. ఎత్తు, అంటే 3:5 నిష్పత్తి. టైప్‌రైటర్ చిత్రాల నడక మొత్తం ఈ నిష్పత్తిలోంచే వస్తుంది. వరసకు ఒక గడి జరుపుతూ ఏటవాలు గీత కొడితే 45 డిగ్రీలు రాదు, దాదాపు 59 డిగ్రీలు వస్తుంది. 45 కావాలంటే మూడు వరసల్లో మొత్తం ఐదు గడులు జరగాలి, అంటే 2, 1, 2. అందుకే అలాంటి గీతలు దగ్గరగా చూస్తే సన్నగా మెట్లుమెట్లుగా ఉంటాయి.

#11 అరసున్న

చతురస్రం ఎలా కొడతారు మరి?

#12 కాగితప్పులి

పైకాలో 20 అక్షరాలు, 12 వరసలు: 50.8 మి.మీ. చొప్పున రెండు వైపులా సరిపోతుంది. ఎలైట్‌లో 24 అక్షరాలు, 12 వరసలు. కానీ యూరప్ యంత్రాల్లో అక్షరం ఎడం మిల్లీమీటర్లలో ఉంటుంది, 2.6 ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ముందు ఒకే అక్షరం 50 సార్లు కొట్టి, పొడవు కొలిచి 50తో భాగించండి. వరసలకూ అదే పద్ధతి.

చెడేచోట్లు: ఒకే గడిలో మూడు నాలుగు సార్లు కొడితే నలుపు గాఢమవుతుంది, కానీ ‘ఓ’ ఆకారపు అక్షరం, చుక్క, కామా కాగితాన్ని కోసేస్తాయి. వెనక ఇంకో మందపాటి కాగితం పెడితే కొంత ఆగుతుంది. రోలర్ రబ్బరు గట్టిపడిన యంత్రంలో అక్షరం ఒకవైపే నొక్కుకుంటుంది. కాగితాన్ని బయటికి తీసి మళ్ళీ ఎక్కిస్తే అర మిల్లీమీటరు తేడా తప్పదు, ఆ తేడా మీద మొత్తం చిత్రం పాడవుతుంది. అందుకే ఒక షీటును ఒకే కూర్చుంటులో పూర్తిచెయ్యటం, ముందు గళ్ళ కాగితం మీద లెక్క వేసుకోవటం మంచిది. కాగితం మీద దిద్దుబాటు అన్నది దాదాపు లేదు.

#13 గళ్ళనుడి

కార్బన్ కాపీ, ప్రింటు, ఒరిజినల్ తేడా పట్టటం ఎలా? స్కాన్‌లో అన్నీ ఒకేలా ఉన్నాయి.

#14 కాగితప్పులి

స్కాన్‌లో తేలదు, వస్తువు చేతిలో ఉండాలి. పది రెట్లు చూపే భూతద్దం, పక్క నుంచి వాలుగా వేసే టార్చి చాలు.

రిబ్బన్‌తో నేరుగా కొట్టినదైతే కాగితం వెనకవైపు గుంతలు ఉబ్బుగా తెలుస్తాయి. భూతద్దంలో సిరాలో గుడ్డ నేత కనబడుతుంది. రెండు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట నలుపు రెట్టింపవుతుంది.

కార్బన్ కాపీలో నేత ఉండదు. అంచు పొడిపొడిగా, మసగ్గా ఉంటుంది. గుంత ఉన్నా లోతు తక్కువ, దొంతరలో కిందికి పోయేకొద్దీ అక్షరం లావెక్కి అలుక్కుంటుంది. పల్చటి కాగితంతో నాలుగైదు కాపీల తర్వాత చదవటం కష్టం.

అచ్చులో అయితే, రెండు అక్షరాలు కలిసినచోట కూడా నలుపు ఒకటే పొర, మధ్యలో గాఢత పెరగదు. పక్క వెలుగులో కాగితం చదునుగా ఉంటే ఆఫ్‌సెట్. అక్షరం అంచున సిరా చిన్న గట్టులా పేరుకుని ఉంటే ఉబ్బు అచ్చు (లెటర్‌ప్రెస్), జింకు బ్లాకు కావచ్చు. జిరాక్స్ అయితే నలుపు కాగితం పైన మెరుస్తూ కూర్చుంటుంది, ఖాళీలో చిన్న చుక్కలు చల్లినట్టుంటాయి.

నా ఉద్దేశంలో కార్బన్ కాపీని ‘నకలు’ అనకూడదు. అదే దెబ్బ, అదే క్షణం, వేరే షీటు. వివరణలో ‘టైప్‌రైటర్, కార్బన్ కాపీ, కాగితం’ అని పద్ధతి రాసేస్తే వాదన అక్కర్లేదు.

భద్రత గురించి కూడా ఒక ముక్క. నలుపు రిబ్బన్‌లో మసి ఉంటుంది కాబట్టి వెలుగుకు తట్టుకుంటుంది. ఎరుపు, ఊదా రంగులు త్వరగా వెలిసిపోతాయి, ప్రదర్శనలో 50 లక్స్ దాటనీయకండి. పీవీసీ కవర్లలో పెట్టొద్దు, ఆ ప్లాస్టిక్ మెత్తదనపు రసాయనం కార్బన్‌నీ టోనర్‌నీ పైకి లాగేస్తుంది. పాలిస్టర్ గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడండి. స్కాన్ తీస్తే 600 డీపీఐలో రంగులోనే తియ్యండి. నలుపు-తెలుపు మోడ్ పెడితే వేలి ఒత్తిడి తేడాలన్నీ పోయి చచ్చిన గళ్ళు మిగులుతాయి.

#15 పొల్లుహల్లు

తెలుగు గళ్ళ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. చిన్న ఉదాహరణ:

క ల
అ ల
వ ల
త ల
శి ల

ఇందులో ఉన్న ఒకే విషయం, కుడివైపు ‘ల’ నిలువుగా నిటారుగా నిలబడటం. మామూలు ఫాంటులో ‘అ’ వెడల్పు ‘క’ కంటే ఎక్కువ, ‘వ’ ఇంకోలా. కాబట్టి ఐదు ‘ల’లూ ఐదు చోట్ల పడి నిలువు గీత పాములా మెలికలు తిరుగుతుంది. స్పేసులు కొట్టి సరిచెయ్యబోతే ఇంకా చెడుతుంది. పరిష్కారం: టేబుల్ పెట్టి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం మధ్యకు సర్దటం. గడి వెడల్పు వాడుతున్న అక్షరాల్లో అతి వెడల్పైనదానికి 1.2 రెట్లు పెట్టండి. ‘ఘూ’, ‘మౌ’ లాంటివి ఉంటే అదే కొలత అవుతుంది, మిగతావి ఒంటరిగా తేలుతున్నట్టు కనబడతాయి. అందుకని మాటలు ఎంచుకునేటప్పుడే వెడల్పు చూసుకోవాలి.

ఎత్తు ఇంకో గొడవ. పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉండే లిపి కదా. వరసల మధ్య దూరం ఫాంటు సైజుకు కనీసం 1.6 రెట్లు లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. ఒత్తులు లేని మాటలతో చేస్తే 1.3కి దించొచ్చు. ‘నిశ్శబ్దం’ కంటే ‘మౌనం’ గళ్ళలో సుఖంగా ఉండటానికి కారణం అర్థం కాదు, ఒత్తులు.

#16 తలకట్టు

గడికి ఒక అక్షరం అన్నది మనకు కొత్తేమీ కాదు. చిత్రకవిత్వం అంతా ఆ లెక్క మీదే నిలబడింది. సర్వతోభద్రం ఎనిమిది గుణించు ఎనిమిది గళ్ళు. భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో ఒకటి, మాఘుడి శిశుపాలవధ పంతొమ్మిదో సర్గలో ఒకటి ఉన్నాయి. ఎటు నుంచి చదివినా అదే పాదం. గోమూత్రికలో రెండు పాదాల్లో ఒకటి విడిచి ఒకటి అక్షరం సమానం, కాబట్టి పైకీ కిందికీ జిగ్‌జాగ్‌గా చదివినా అదే పద్యం వస్తుంది. ఒత్తుతో సహా మొత్తం అక్షరం ఒక గడి. రోమన్ లిపి కవి ఒక్కో లెటరును గడిలో పెట్టుకున్నట్టే మనకు అక్షరం.

#17 అరసున్న

అయితే మాఘుడు మొదటి మూర్త కవి అన్నమాట!

#18 పొల్లుహల్లు

ఆ మాట పెద్ద పెద్ద వేదికల మీదా వినబడుతుంటుంది, ఒప్పుకోను. బంధంలో (అక్షరాలను బొమ్మలో ఇమిడ్చే పద్యంలో) ఛందస్సు, అన్వయం, అర్థం ముందే పూర్తిగా ఉంటాయి. పద్మం, ఖడ్గం, నాగం దానికి అదనపు పరీక్ష. బొమ్మ తీసేసి వచనంలా రాసినా పద్యం చెక్కుచెదరదు. గోమ్రింగర్ ‘ష్వైగెన్’ చూడండి. ‘మౌనం వహించటం’ అన్న ఒకే జర్మన్ మాట మూడు నిలువు వరసలు, ఐదు అడ్డ వరసల్లో పద్నాలుగు సార్లు, నట్టనడిమి గడి ఖాళీ. బొమ్మ తీసేస్తే ఏమీ మిగలదు, ఎందుకంటే కవిత ఉన్నది ఆ ఖాళీ గడిలో. ఆ తేడా చెప్పకుండా రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఇద్దరికీ అన్యాయం.

#19 తలకట్టు

పూర్తిగా కాదు. బంధంలో రెండు దారులు కలిసేచోట ఒకే అక్షరం రెండుసార్లు చదవబడుతుంది. పేజీ మీద ఒకసారి రాసిందాన్ని కన్ను రెండుసార్లు వాడుకుంటుంది. ఆ పొదుపు మాత్రం బొమ్మ లేకుండా లేదు. పద్యం మిగులుతుంది నిజమే, ఆ సంగతి మిగలదు. ‘పూర్వీకులు’ అనొద్దు, ‘గడి తెలిసినవాళ్ళు’ అనండి, గొడవ తీరుతుంది.

#20 పొల్లుహల్లు

ఆ మాటకు సరే.

#21 అచ్చుపెట్టె

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి, చాలామంది పడే గుంటలు ఇవి.

ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు విడిపోయి పొల్లు గుర్తులుగా బయటపడతాయి. పాత అను ఫాంటుల్లో కట్టిన గళ్ళను యూనికోడ్‌లోకి అతికిస్తే చెత్త వస్తుంది, ముందు కన్వర్టర్‌లో మార్చి ఒక్కో గడినీ కంటితో సరిచూసుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలు సరిగానే కూడతాయి, కానీ ఫైలు వేరే కంప్యూటర్‌కు పంపే ముందు ‘ఆబ్జెక్ట్ టు పాత్’ చెయ్యాలి. లేకపోతే అక్కడ ఆ ఫాంటు లేక ఇంకో ఫాంటు దూరి కొలతలన్నీ మారతాయి. మార్చాక మాట దిద్దలేరు కాబట్టి దిద్దదగిన ప్రతి ఒకటి విడిగా దాచండి.

వెబ్ పేజీలో కోడ్‌తో గళ్ళు నింపేవాళ్ళకు: స్ట్రింగ్‌ను కోడ్‌పాయింట్లుగా (ఒక్కో గుర్తుకు ఒక్కో యూనికోడ్ సంఖ్య) విడగొడితే ‘శి’ అన్నది ‘శ’, ‘ి’ అని రెండు గడుల్లో పడుతుంది. గుడి ఒంటరిగా చుక్కల వలయం మీద కూర్చుని కనబడితే కారణం అదే. గ్రాఫీమ్ క్లస్టర్‌గా (కంటికి ఒక్క అక్షరంగా కనబడే గుంపుగా) విడగొట్టే పనిముట్టు వాడాలి, జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ ఉంది. అక్కడా ఒక మెలిక. యూనికోడ్ 15.1 కంటే ముందు నియమాల్లో ‘క్ష’ రెండు క్లస్టర్లు, ‘క్’ ఒకటి, ‘ష’ ఒకటి. 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరం ఒకే క్లస్టర్. కాబట్టి అదే కోడ్ పాత బ్రౌజర్‌లో ఒక గడి ఎక్కువ చూపిస్తుంది, ఆ తర్వాతి వరస మొత్తం ఒక గడి జరిగిపోతుంది. పరీక్షించటానికి ‘స్త్రీ’ అని పెట్టి చూడండి, ఒక్క గడిలో నిలిస్తే మిగతావన్నీ నిలుస్తాయి.

పొల్లును ఒత్తుగా మారకుండా పొల్లుగానే నిలపాలంటే మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలను కలవనివ్వని గుర్తు) పెట్టాలి. కంటికి కనబడదు, కానీ అచ్చులో తేడా మొత్తం దానిదే.

#22 రాతిగీత

లోహపు రేకులో ఆరపార కోసేవాళ్ళకు తెలుగులో ఇంకో ప్రమాదం ఉంది. చుట్టు మూసుకున్న అక్షరం కోస్తే లోపలి ముక్క కింద పడిపోతుంది. సున్న పూర్తి వలయం కదా, కోశాక మిగిలేది వలయం కాదు, గుండ్రటి కంత. ‘కలం’ చదివితే ‘కల’ పక్కన మేకు కొట్టిన గుర్తులా ఉంటుంది. ‘ర’, ‘ఠ’ల మూసిన భాగాలకూ ఇదే గతి. లోపలి ముక్కను పట్టుకునే వంతెనలు రెండు కావాలి, ఒక్కటైతే ముక్క ఊగి వంగుతుంది. వంతెన వెడల్పు రేకు మందానికి తక్కువ కాకూడదు, 3 మి.మీ. రేకుకు 4 పెట్టుకుంటే నిశ్చింత. వంతెనలు అన్ని అక్షరాల్లోనూ ఒకే కోణంలో ఉంటే అది శైలిలా కనబడుతుంది, ఇష్టం వచ్చినట్టు పెడితే తప్పులా కనబడుతుంది.

గాజు మీద ఇసుక ఊదే పద్ధతిలో ఈ గొడవ లేదు. స్టెన్సిల్ గాజుకే అంటుకుని ఉంటుంది కాబట్టి సున్న లోపలి చుక్క తన చోటే నిలుస్తుంది. ఫిన్లే 1966లో చేసిన ‘అల’, ‘రాయి’ అన్న రెండు మాటల గాజు పని ఈ పద్ధతిదే.

#23 కాగితప్పులి

గోడ మీది కవితకు ఇంకో సంగతి, వ్యాసంలో గోమ్రింగర్ భాగానికి పనికొస్తుంది. 2011లో ఆయనకు ఆలిస్ సాలమన్ పురస్కారం ఇచ్చిన బెర్లిన్ విద్యాసంస్థ ఆయన ‘అవెనీదాస్’ కవితను భవనం దక్షిణపు గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించింది. వీధులు, పువ్వులు, స్త్రీలు, చివర ఒక ఆరాధకుడు. 2016లో విద్యార్థి సంఘం అభ్యంతరం చెప్పింది, స్త్రీలు చూడబడే వస్తువులుగానే ఉన్నారని. 2018లో మార్చాలని తీర్మానించి, అదే ఏడాది చెరిపి, బార్బరా క్యోలర్ కవిత రాయించారు. గోడను ఇకమీదట ఐదేళ్ళకోసారి మార్చాలన్నది కూడా ఆ తీర్మానంలో ఉంది.

తప్పెవరిదో ఇక్కడ తేల్చుకోవక్కర్లేదు. కవితలో క్రియాపదం ఒక్కటీ లేదు, నామవాచకాల పక్కన ‘మరియు’ మాత్రమే. క్రియ లేకపోతే ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో పాఠకుడే నింపుకుంటాడు. 1950ల్లో అది ఈ ప్రక్రియకు బలమైంది, గోడ మీదికి ఎక్కాక అదే తగువైంది. గోడ పనికి ఒప్పందం రాసుకునేటప్పుడు ఎంతకాలం ఉంటుంది, తీసేసే ముందు ఎవరికి చెప్పాలి, ఫొటో హక్కులు ఎవరివి అనే మూడూ రాసుకోవాలి.

#24 గళ్ళనుడి

అందరికీ ధన్యవాదాలండీ. ఒక వివరణ నమూనా పెడుతున్నా, తప్పులు చూడండి. కళాకారుడి పేరు ఊహాజనితం కాబట్టి వదిలేశా.

‘శీర్షిక లేదు. 1966/1974. పలక రాయి, చెక్కిన అక్షరాలు. 60 × 40 × 5. ఎడిషన్ 1.’

#25 రాతిగీత

చెక్కినవారి పేరు లేదు. మిగతావి బాగున్నాయి గానీ కొలతల పక్కన సెం.మీ. అని వెయ్యండి. ఎత్తు ముందా వెడల్పు ముందా అన్నది కూడా ఒకచోట చెప్పండి. కళా జాబితాల్లో ఎత్తు ముందు, అచ్చు కుర్రాళ్ళు వెడల్పు ముందు రాస్తారు.

#26 కాగితప్పులి

రాయి ఒక్కటే ఉంటే ‘ఎడిషన్ 1’ వద్దు, ‘ఏకైక ప్రతి’ చాలు. ఎడిషన్ అన్నది ఒకటి కంటే ఎక్కువ ప్రతులు ఉన్నప్పుడే. కాగితం పనుల్లో ‘12/50’ అంటే యాభైలో పన్నెండోది. కళాకారుడి ప్రతులు విడిగా ఉంటే వాటి సంఖ్య కూడా వెయ్యండి, ఉదాహరణకు ‘50 + 5’. కార్బన్ కాపీలకు ఆ గీత లెక్క వాడకండి, అవి ముందే అనుకుని పరిమితం చేసిన ఎడిషన్లు కావు.

‘శీర్షిక లేదు’ అన్నది కూడా ఇంకోసారి చూసుకోండి. పనిలో ఉన్నవి రెండే మాటలైతే, చాలాసార్లు ఆ రెండు మాటలే శీర్షిక.

#27 గళ్ళనుడి

మార్చాను. ‘శి ల’ ఐదు వరసల గడి కూడా టేబుల్‌లో పెట్టా, ‘ల’ నిటారుగా నిలిచింది. ‘శి’ గుడి మాత్రం పైవరస ‘త’ను తాకుతోంది, వరస దూరం 1.3 పెట్టాను.

#28 పొల్లుహల్లు

1.4 పెట్టి చూడండి. అప్పటికీ తాకితే ఫాంటు మార్చండి, కొన్నిట్లో గుడి మరీ పైకి పోతుంది. ‘శిల’ను మొదటి వరసకు ఎక్కించినా సరిపోతుంది, పైన తాకటానికి ఏమీ ఉండదు. కానీ కలతో మొదలై రాయితో ఆగటం పోతుంది, అది మీ ఇష్టం.